ఒకే ఛానల్ మీద ఇద్దరు

మట్టెవాడలో మోటార్లు బాగుచేసే రాజమల్లు, రిటైరైన పంతులు జ్ఞానప్రకాశం కలిసి తేలిక చెక్కతో రిమోటు విమానాలు కట్టి ఎగరేసిన తొలినాటి జోడీ. ఇద్దరి రిమోట్లదీ ఒకటే ఛానల్. ఒకేసారి ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం అదుపు తప్పి కూలేది. అందుకని ఒక బట్టల క్లిప్పు పెట్టుకున్నారు. అది ఎవరి అంగీకి ఉంటే వాళ్లు ఎగరేయాలి, రెండోవాళ్లు నిలబడి చూడాలి. అట్లా ఎవరిది జోరైన విమానమో ఎన్నడూ తేలలేదు.

అది తేల్చుకోవాలనే రాజమల్లు ఇన్నాళ్లకు వేరే ఛానల్‌ది కొత్త రిమోటు కొన్నాడు. రఘునాథపల్లి దగ్గర మక్కజొన్న కోసిన చెలకలో పందెం.

"అన్నా, ఇయ్యాల క్లిప్పు సాకు నడ్వది," అన్నాడు.

"ముందుగాల నీది లేవనియ్యి మల్లూ," అన్నాడు జ్ఞానప్రకాశం.

రెండూ లేచాయి. చివరి చుట్టు దాకా రాజమల్లుదే ముందు. అప్పుడు జ్ఞానప్రకాశం విమానం రెక్కను నిలువుగా వాల్చి, మలుపు గుర్తుకు పాతిన జెండా కర్రను రాసుకున్నట్టే తిరిగింది. ఆ మలుపును నిలబడి చూడడం రాజమల్లుకు ఏళ్లనాటి అలవాటు. కళ్లు అటే పోయాయి. తన విమానం పోయి పక్క పత్తిచేన్లో పడింది.

"ఎటు చూత్తానవ్‌రా?"

"నీదే చూత్తాన అన్నా. దించకు, జర ఇంకో చుట్టు తిప్పు."