మూడు వేళ్ల ఎత్తు

గాల్దినో మోచేతిని సైకిల్ సీటు ముక్కుకు ఆనించి, చెయ్యి ముందుకు చాపించాడు ఒరెస్తె. వేళ్ల కొసలకూ హ్యాండిల్‌కూ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలింది. బెర్గామోలో కొలిచే యంత్రాలు ఎన్ని వచ్చినా, ఒరెస్తె కొట్లో మాత్రం ఎవరి చెయ్యి వాళ్ల కొలబద్ద.

"అరచేతులు తిమ్మిరెక్కవూ మరి? హ్యాండిల్ రెండు వేళ్లు పైకి లేపుతా."

"లేపితే రేపు సెల్వినో ఘాట్‌ మీద 'అవ్వ సంతకు బయల్దేరింది' అంటార్రా!" అన్నాడు గాల్దినో. రొట్టెల బట్టీ మూసేసి మూడేళ్లయినా మనిషిలో పౌరుషం చల్లారలేదు.

"పౌరుషం కాళ్లలో ఉండాలి, హ్యాండిల్‌లో కాదు."

"అయితే నీదెందుకు లేపలేదు?"

గోడకొక్కేనికి ఒరెస్తె ఆకుపచ్చ సైకిల్ వేలాడుతోంది. దాని హ్యాండిల్ ఇంకా కుర్రతనంలో పందేలు తొక్కినప్పటి ఎత్తులోనే, సీటు కంటే జానెడు కింద ఉంది. నడుము పట్టేశాక ఆరేళ్లుగా దాన్ని దించలేదు. ఊరందరి హ్యాండిళ్లూ లేపినవాడికి తనది లేపాలంటే సిగ్గు. నిజం చెప్పాలంటే భయం కూడా.

"రేపు ఎనిమిదింటికి వస్తా," అన్నాడు గాల్దినో. " ఇద్దరం లేపుకునే పోదాం. నవ్వేవాళ్లు ఇద్దర్నీ చూసి నవ్వుతారు. నువ్వు లేపలేదో, నాది దించేస్తా!"

ఒరెస్తె పానా అందుకున్నాడు. గాల్దినో హ్యాండిల్ లేపి, బిగించి అతన్ని పంపేశాడు. శనివారం కాబట్టి మధ్యాహ్నానికే తలుపు దగ్గరికి వేసి, చల్లారిన మొక్కజొన్న పొలెంతా రెండు ముద్దలు తిన్నాడు. కాసేపు గోడకేసి చూశాడు. తర్వాత స్టూలెక్కి సైకిల్ దించాడు.

బోల్టు వదులుచేసి చెక్కసుత్తితో ఒక్కటిచ్చాడు. తుప్పు కిర్రుమంది. రెండు వేళ్లు లేపాడు. చాల్లేదు, మూడు. గోడ ఆసరాతో ఎక్కి, బ్రేకు పిడుల మీద చేతులు వేశాడు. మోచేతులు కాస్త వంగాయి, బిగిసిన భుజాలు కిందికి దిగాయి. నడుము కిమ్మనలేదు.

"ఓరి వెధవా, ఆరేళ్లు!" అని తనను తానే తిట్టుకుని నవ్వాడు. ఎన్నాళ్లకో అంత సంతోషం కలిగింది. కొత్త తెల్లటేపు తీసి హ్యాండిల్‌కు కుడివైపు నుంచి చుట్టడం మొదలుపెట్టాడు.

ఆదివారం ఎనిమిదింటికి గాల్దినో తలుపు తోశాడు. ఒరెస్తె స్టూలు మీద గోడకు ఆనుకుని, తల వాల్చి ఉన్నాడు. "లేవరా, ఎండెక్కుతోంది," అంటూ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలింది. వదలబుద్ధి కాక ఆ చేతిని పట్టుకునే పక్కన కూలబడ్డాడు.

ఎదురుగా సైకిల్. హ్యాండిల్ మూడు వేళ్లు పైకి లేచి ఉంది. కుడివైపు టేపు నున్నగా చుట్టి ఉంది. ఎడమవైపు సగందాకా వచ్చి, మిగిలిన చుట్ట కిందికి వేలాడుతోంది.