దేన్ని వానంటావు

పదహారేళ్లుగా నల్లప్ప ఇంట్లో ఒక మాట మాత్రం మారలేదు. ఆ ఏడు నాలుగెకరాల శెనక్కాయ మొలకలోనే మాడిపోయిందంటే తప్పు భార్య బయమ్మదే, ఆమె దాచిన విత్తనానిదే. వానలంటారా, అవి బాగానే పడ్డాయట. ఈ మాట ఆయన పొలంలో అన్నాడు, పెళ్లిళ్లలో అన్నాడు, కంబదూరు బస్సులో పక్కన కూర్చున్న పాపానికి ముక్కూ మొహం తెలియని మనిషితో కూడా అన్నాడు. అప్పటి నుంచి విత్తనం బయటే కొంటున్నాడు. బయమ్మ మాత్రం ఏటా మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, వేపాకు వేసి గోతాలకెత్తుతూనే ఉంది. అదను దాటాక వాటిని గానుగకు పంపుతుంది. ఆయన వాటి వంక చూస్తే ఒట్టు.

ఈసారి మృగశిర కార్తెలో మంచి పదును వాన పడింది. విత్తనం తేవడానికి నల్లప్ప చెప్పులు వేసుకుంటుంటే కూతురు లహరి అడ్డం నిలబడింది. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేస్తుంది ఆ పిల్ల.

"అమ్మ విత్తనం ఎందుకొద్దు నాయనా?"

"ఆ ఏడు చూసినా గదా పాపా. వానలు పడె, పైరు పాయ. ఇంకేమి కావాల?"

"వాన సంగతి నరసింహప్ప సారు పుస్తకాన్నే అడుగుదాం. తప్పు విత్తనానిదే అయితే నేనింక నోరెత్తను."

నరసింహప్ప సారు ఊరి బడిలో ముప్పై ఏళ్లు పనిచేసి, రోజూ పొద్దున్నే వర్షమాపకం చూసి ఎన్ని మిల్లీమీటర్లో రాసిపెట్టిన పుస్తకం అది. లహరి దాన్నంతా ఎప్పుడో లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఇప్పుడు ఆ ఏడు విత్తిన రోజు నుంచి మూడు నెలల అంకెలు తీసుకుని, తనకిష్టమైన ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క వరుస రాసింది. సంఖ్యల పట్టికను మొత్తంగా ఒకేసారి పట్టే భాష అది, పనికొక గుర్తు. కుడి నుంచి ఎడమకు చదవాలి. వాన లేని రోజులు గుర్తించు, వరుసగా వచ్చినవాటిని గుంపులు కట్టు, గుంపుకెన్నో లెక్కపెట్టు, పెద్దది తీయి. ఒక పని చేసి ఇచ్చింది ఇంకో పని అందుకుంటుంది. దీనికే ఆఫీసులో శశికుమార్ అయితే రెండు పేజీలు రాస్తాడు, పాపం.

ఆ వరుసకు 'పొడవు' అని పేరు పెట్టింది. అది నేరుగా అంకెల మీద పడదు. ముందు ఇంకో పనిని తన చేతికివ్వమంటుంది. వాన లేని రోజంటే ఏమిటో నువ్వు చెప్పు, మిగతాది నేను చూసుకుంటానంటుంది. అందుకే లహరికి ఆ భాషంటే ప్రాణం. "సున్నాతో సమానమా" అన్న పరీక్షను దాని చేతిలో పెట్టింది.

తెర మీద 6 వచ్చింది.

"చూస్తివా? ఆరు దినాలకు మించి యాడా ఎండలేదు," అన్నాడు నల్లప్ప.

లహరి అమ్మను గెలిపించాలని పోయి తప్పు అమ్మ మెడకే చుట్టింది. బయమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా వింటోంది. ఏడుస్తుందేమో అనుకుంది లహరి. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ తీరిగ్గా వచ్చి కూతురి పక్కన చతికిలబడింది.

"దేన్ని వానంటాండావు పాపా నువ్వు?"

"సున్నా కాకుంటే వాననే కదమ్మా."

"విత్తినంక ఆ నెలంతా పిడకలు బయటనే పరిచింటి. ఒక్కటన్నా మెత్తబడలేదు. దుమ్ము అణిగే తుంపరను గూడా వానంటే ఎట్లా? పార దింపితే జానెడు తడి తగలాల."

లహరి తెర మీదికి వంగి మళ్లీ చదివింది. వరుసలో గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. తను చేతికిచ్చిన పరీక్షే తప్పు. ఒక్క గుర్తు కూడా చదవలేని మనిషి సరిగ్గా ఆ తప్పు మీదే వేలు పెట్టింది. ఇంత తెలివిని ఇన్నేళ్లూ వంటింట్లో పెట్టుకుని కూర్చున్నామా అని లహరికి సిగ్గేసింది.

"జానెడు తడికి ఎన్ని మిల్లీమీటర్లు పడాల నాయనా?"

నల్లప్ప మొండివాడే గానీ అబద్ధమాడే మనిషి కాదు. "పదన్నా పడాల," అన్నాడు.

లహరి 'పొడవు'ను ముట్టుకోలేదు. "సున్నాతో సమానమా" తీసేసి "పదికన్నా తక్కువా" పెట్టింది, అంతే. 38 వచ్చింది.

నల్లప్ప వచ్చి తెర ముందు కూర్చున్నాడు. "బాగ పండిన ఏండ్లు గూడా పెట్టు. ఆడా ఇట్లనే వస్తే?" అన్నాడు.

అడగాల్సిన మాటే అడిగాడు. లహరి 'పొడవు' పక్కన రెండు చుక్కలు చేర్చింది. ఏ పనినైనా ఒక్కో ఏడాదికీ విడివిడిగా చేయించే గుర్తు అది. అవే మూడు నెలల లెక్కలో ముప్పై ఏళ్లూ ఒక్కసారే బారులు తీరాయి. నల్లప్ప తెర మీద వేలు పెట్టి తనకు పండిన ఏళ్లన్నీ వెతుక్కున్నాడు. పన్నెండు, పధ్నాలుగు, పదకొండు. ఏదీ ఇరవై దాటలేదు.

ఆయన లేచి చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు. బయమ్మ మొహం చూడలేక గోతాల వైపు తిరిగి అడిగాడు.

"అండ్ల విత్తనం ఎంతుంటాది బయమ్మా?"

"నాలుగెకరాలకు," అంది బయమ్మ. "ఏటా నాలుగెకరాలకు సరిపోయేంత పెడతానే ఉండా."