అమ్మ కర్రలో చివరి ముక్క

చేత్తో పెన్నులు చేసి అమ్ముకునే మనిషికి పెన్నంటే భయమేమిటి అంటారా? ఆ మధ్యాహ్నం ఆవిడ చేతులు చూసుంటే ఆ మాట అనరు. చెమటకి చెక్కముక్క వేళ్లలోంచి జారిపోతోంది.

అది వాళ్లమ్మ చేతికర్రలోని ముక్క. చివరి ఏడాది అమ్మకు మాట పడిపోయింది. ఏం కావాలన్నా కర్రతో నేలమీద రెండుసార్లు కొట్టేది. పక్కగదిలోంచి వాళ్లక్క "వస్తున్నానమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చేది. అమ్మ పోయాక ఈ పెన్నుల చెల్లెల్ని అక్క అడిగింది ఒక్కటే.

"ఆ కర్రతో నాకో పెన్ను చేసిపెట్టవే. తిప్పేది కాదు, నొక్కితే టక్ మనేది."

కర్ర సగం పుచ్చిపోయింది. గట్టిచెక్క రెండు పెన్నులకే వచ్చింది. తిప్పే పెన్నులు వందలకొద్దీ చేసిన ధీమాతో చెల్లెలు మొదటిదాన్ని, భాగాలు నొక్కి బిగించే ప్రెస్సులో పెట్టి హ్యాండిల్ లాగేసింది. బలమంతా పైనున్న బటన్ మీద పడి లోపలి మెకానిజం నలిగింది, చెక్క నిలువునా చీలింది. అక్కకు చెప్పే గుండె లేక ముక్కల్ని సొరుగులో దాచేసింది. ఆహా, ఎంత ధైర్యవంతురాలో!

ఇక మిగిలింది ఇదొక్కటే. ఇదీ చీలితే అక్కకు ఏం మొహం చూపించాలి?

ఈసారి ప్రెస్సులో చిల్లు పెట్టిన దిమ్మ అడ్డం పెట్టింది. బటన్ చిల్లులోకి దూరిపోతే బలం దాని చుట్టూ ఉన్న అంచుమీదే పడుతుంది. ఆ బుద్ధేదో మొన్నే ఉండాల్సింది! వెంట్రుకవాసి నొక్కడం, ఆగడం, చెక్క చిట్లిన చప్పుడు వస్తుందేమోనని చెవి పెట్టడం. మళ్లీ నొక్కడం.

"ఏమే, అయిందా?"

గుమ్మంలో అక్క! చెల్లెలు హ్యాండిల్ వదిలేసి పెన్ను తీసి చూసింది. చీలలేదు. అక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. అక్క చూపు తన వేళ్లమీదే ఉంటే, హడావుడిగా రీఫిల్ వేసి కింద ములికి బిగించింది. నొక్కింది. రీఫిల్ మొన బయటికొచ్చింది. మళ్లీ నొక్కింది. లోపలికి పోలేదు. ఇంకోసారి. ఊహూఁ.

"అక్కా, దీన్నీ పాడుచేశానే!" అని భోరుమంది. సొరుగు లాగి మొదటిదాని ముక్కలు కూడా ముందు పడేసింది. "మొన్నే ఒకటి చీల్చేశాను. నీకు చెప్పలేకపోయాను."

అక్క ఆ ముక్కల్ని ఒక పక్కకు జరిపింది. తర్వాత బల్లమీద గుడ్డ కిందనుంచి ఏదో తీసి పైకెత్తింది.

"మరి ఈ స్ప్రింగు ఎక్కడిదే తల్లీ? మీ ఆయనలోంచి ఊడిందా?"

కంగారులో స్ప్రింగు వేయడమే మర్చిపోయింది! ముక్కు తుడుచుకుని ములికి విప్పింది, రీఫిల్‌కి స్ప్రింగు తొడిగింది, బిగించి, భయంభయంగా అక్క చేతికిచ్చింది.

అక్క నొక్కింది. టక్. మొన బయటికొచ్చింది. మళ్లీ నొక్కింది. టక్. లోపలికి పోయింది.

"వస్తున్నానమ్మా," అంటూ అక్క లేచి గబగబా రెండడుగులు వేసింది.

అక్కడే ఆగిపోయింది. చెల్లెలు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టింది.