కాలరులోకి చల్లగాలి

నేను ఒక గాలియంత్రాన్ని. ఆపరేషన్ అయిన పిల్లలు వణకకుండా వాళ్ల దుప్పటి కిందికి వెచ్చని గాలి ఊదడం నా పని. కానీ ఇప్పుడు నా ఎదుట మంచం మీద ఐదేళ్ల జోషిక గడగడా వణికిపోతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదాలు నీలంగా మారుతున్నాయి.

"ఫిట్సా సిస్టరమ్మా ఇయ్యి? నా బిడ్డకేందమ్మా ఇట్టా అవుతుంది?" తల్లి తిరపతమ్మ సలోమి సిస్టర్ చెయ్యి వదలడం లేదు.

"ఫిట్స్ కాదమ్మా. మత్తు దిగేటప్పుడు ఒళ్లు చల్లబడితే ఇట్టాగే వణుకుద్ది."

ధైర్యం చెబుతూనే సలోమి మానిటర్ వైపు చూసింది. వణికే ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. తెర మీద ఆక్సిజన్ అంకె దిగిపోతోంది.

నేను శక్తికొద్దీ ఊదుతున్నాను. ఊదేకొద్దీ పిల్ల ఇంకా వణుకుతోంది! ఈ పాప నావల్లే పోతుందా?

హైదరాబాదులో ఓ పెద్దాసుపత్రి నన్ను ముద్దుగా కొనుక్కుంది. కొత్త మోడల్ రాగానే మూలకు నెట్టి అమ్మేసింది. అలా నరసరావుపేటలో ఈ డాక్టర్ దంపతుల చేతికొచ్చాను. వైదేహి ఆపరేషన్లు చేస్తుంది, భర్త శేషుబాబు మత్తిస్తాడు. ఇక్కడ ఎందరినో వెచ్చబెట్టాను, ఒక్కరినీ వణికించలేదు.

డాక్టర్లిద్దరూ పరుగున వచ్చారు.

"ఈ డొక్కు మిషన్ పాడైంది. తుక్కులో పారెయ్యండి!" అని అరిచాడు శేషుబాబు.

వైదేహి దుప్పటి కింద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. "వచ్చేది చల్లగాలి!"

వంగి నా మీట చూసింది. అది వేడి లేని గాలి వైపు తిరిగి ఉంది. చటుక్కున తిప్పింది. నా కడుపులో తీగ ఎర్రబడింది. అంకె మెల్లగా పైకెక్కింది. పళ్ల చప్పుడు ఆగింది.

"అమ్మా, బజ్జీల బండి కాడున్నట్టుందే," అంది జోషిక. తిరపతమ్మ భోరున ఏడ్చేసింది.

వైదేహి లేచి నిలబడింది. "మీట ఎవరు తిప్పారు?"

తలుపు దగ్గరున్న ఆయా పైకప్పు వైపు చూసింది. "ఎవడో బుద్ధిలేనోడు!" అందరికంటే గట్టిగా అన్నాడు శేషుబాబు.

నాకు తెలుసు. మధ్యాహ్నం డాక్టర్ల గదిలో ఏసీ చెడిపోతే, నన్ను అక్కడికి లాక్కెళ్లి నా గొట్టాన్ని కాలరులో దోపుకుని గురకపెట్టిన మనిషిని ఎలా మరిచిపోతాను? చెప్పడానికి నాకు నోరేదీ?

"సలోమీ, నువ్వు చూశావా? చెప్పు," అంది వైదేహి.

సలోమి తల దించుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది. ఓసారి జోషిక వైపు చూసి తలెత్తింది.

"మన శేషుబాబు సారే, మేడమ్."