ముగ్గు వెంట వచ్చిన వాగు

కెనడాలోని ఒషావాలో ఆ బేస్‌మెంట్ తలుపు ముందు ధాత్రి రోజూ ముగ్గేస్తుంది. కాలేజీకి ఆలస్యమైనా సరే, కాఫీ షాపులో షిఫ్టున్నా సరే, పిడికెడు బియ్యప్పిండి పడాల్సిందే. వేసిన కాసేపటికి గీతల వెంట నీళ్లు పారతాయి, ఒక్కోసారి చేపపిల్లలతో సహా. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి, గీత కలిసిన చోట దారిలేక బేస్‌మెంట్‌లోకి దిగుతాయి. రూమ్మేట్ వాసవి చెప్పులు చేత్తో పట్టుకుని దాటిపోతుంది, అంతే.

ఇంటి ఓనరు శేషగిరి గారికి మాత్రం ఒళ్లు మండింది. కార్పెట్ మళ్లీ తడిసింది మరి! ముగ్గు మానేస్తావా, రూమ్ ఖాళీ చేస్తావా తేల్చుకోమన్నారు. స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి, ఇంకో రూమెక్కడ దొరుకుతుంది? ధాత్రి ఏడ్చి, పిండి డబ్బా మూత పెట్టేసింది.

ఆ శనివారం వీధంతా నారింజ రంగు చొక్కాలు. బడి పేరుతో ఇళ్లలోంచి లాక్కెళ్లిన ఆదివాసీ పిల్లల్ని తలుచుకుంటూ ఏటా చేసే నడక అది. ముందు కర్ర పట్టుకుని డోరీన్ అనే పెద్దావిడ. వాళ్లమ్మనీ అలాగే తీసుకెళ్లారట, సొంత భాష మాట్లాడనివ్వలేదట. ఆ తల్లి దాచుకుని తెచ్చుకున్నది ఊరి వాగు పేరొక్కటే. ఆ వాగు వెంట సరస్సు దాకా నడవాలని డోరీన్ ఆశ. కానీ ఇళ్లు కట్టేటప్పుడు దాన్ని పూడ్చేశారు, జాడ ఎవరికీ తెలీదు. పిల్లలు రోడ్డు మీద రంగులతో ఊహించి చేపలు గీస్తున్నారు.

అది విన్న ధాత్రి లోపలికి పరిగెత్తింది. రూమ్ పోతే పోయింది! డబ్బా తెచ్చేసింది.

"ఆంటీ, మీ వాగు మా వాకిట్లోనే ఉంది," అంది.

ముగ్గు గీత కలపకుండా వదలకూడదని అమ్మమ్మ నేర్పింది. పాపం, నీళ్లు ఇన్నాళ్లూ తిరిగింది అందుకే. ఈసారి ధాత్రి గీత కలపలేదు. వీధిలోకి లాగింది. నీళ్లు వెనకే ఉరికాయి. గీసిన చేపలు తోకలాడించాయి. అందరూ బూట్లు విప్పేసి నీళ్లలోకి దిగారు. శేషగిరి గారైతే కార్పెట్ గొడవ మర్చిపోయి ప్యాంటు మడిచారు.

సగం దారిలో పిండి అయిపోయింది. నీళ్లు ఆగిపోయాయి. డోరీన్ వంగి, వాళ్లమ్మ చెప్పిన పేరుతో వాగుని పిలిచింది. నీళ్లు ఒకసారి ఆవిడ పాదాల చుట్టూ తిరిగి, ఇక గీతతో పనిలేకుండా సరస్సు వైపు పరిగెత్తాయి. ఆవిడ కర్ర వదిలేసి వెంట నడిచింది, ఏడుస్తూ నవ్వుతూ.

మర్నాడు కార్పెట్ పొడిగా ఉంది. శేషగిరి గారు వాకిలి తానే ఊడ్చి, కొత్త పిండి ప్యాకెట్ ధాత్రి చేతిలో పెట్టారు.

"ముగ్గెయ్యమ్మా. చివర మాత్రం కలపకు."

ధాత్రి వాగుని పేరు పెట్టి పిలిచి, మొదటి చుక్క పెట్టింది.