వెంకయ్యాకు

వెంకటనారాయణకి మొలలు మొదలయ్యాయి. ఈ సంగతి లోకంలో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. పత్తి బాగా కలిసొచ్చిన ఏడాది ముచ్చటపడి కొన్న రాజ్‌దూత్ బండి మీద దుప్పటి కప్పేసి, చేలోకి నడిచి వెళ్తున్నాడు. పంచాయతీ ఆఫీసులో కుర్చీ వేస్తే వద్దని నిలబడే మాట్లాడుతున్నాడు. అంత పెద్ద రైతయ్యుండీ ఎంత అణకువో అని ఊరు మెచ్చుకుంటుంటే, ఆ మెప్పుని పళ్ళబిగువున భరిస్తున్నాడు.

తమాషా ఏమిటంటే, ఆ జబ్బుకి మందు ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన తల్లి రాజ్యం ప్రతి ఆదివారం పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని, ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇస్తుంది. చేల గట్ల మీద పాకే చిన్న మొక్క అది. ఊళ్ళో దాన్ని వెంకయ్యాకు అంటారు. వెంకయ్య అంటే వెంకటనారాయణ తండ్రి, పోయి చాలాకాలమైంది. మందుకి డబ్బు తీసుకోరు. ఒకటే నియమం. రోగి తనే వచ్చి, జబ్బు పేరు తన నోటితో పైకి చెప్పి అడగాలి. ఇంకొకరి చేత అడిగించినా, చెవిలో గొణిగినా మందు పనిచేయదట. ఆ నియమమే వెంకటనారాయణ ప్రాణం తీస్తోంది. ఒకసారి గుట్టుగా తనే గట్టు మీద ఆకు కోసుకుని నమిలి మింగాడు. అది వేరే ఆకు. ఆ రోజంతా చేలోనే గడిచింది.

ఒక ఆదివారం ఒంగోలు నుంచి త్యాగరాజు అనే లెక్చరరు స్కూటరు మీద దిగాడు. నాటుమందు మొక్కలకి ఆ పేర్లు ఎలా వచ్చాయో రాసుకుంటున్నాడట. వెంకటనారాయణ తన బాధ కాసేపు మర్చిపోయాడు. నాయన పేరు పుస్తకంలో అచ్చవుతుందంటే మాటలా? వసారాలో మంచం వాల్చి అతన్ని కూర్చోబెట్టి, తను గుంజకి ఆనుకుని నిలబడి మొదలుపెట్టాడు.

"మా నాయన పెద్ద వైద్యుడండి. కుర్రతనంలో వినుకొండ కొండమీద ఒక సాధువుకి సేవ చేశాడు. ఆయన మెచ్చి ఈ ఆకు చూపించాడు. నాయన చేతి మందుతో బాగుపడ్డోళ్ళు అమరావతి దాకా ఉన్నారు."

త్యాగరాజు చకచకా రాసుకుంటున్నాడు. వాకిట్లో సన్నికల్లు చప్పుడు ఆగింది.

"ఏ సాధువురా?" అంది రాజ్యం. "ఆ ఆకు మా అమ్మది. కాపరానికొచ్చేప్పుడు సారెతోపాటు తెచ్చుకున్నా. మీ నాయనకి గోంగూరకీ తోటకూరకీ తేడా తెలిసేది కాదు."

"మరి ఆయన పేరెందుకొచ్చిందమ్మా?" అన్నాడు త్యాగరాజు.

"మొదటి రోగి ఆయనే గాబట్టి."

వెంకటనారాయణ ముఖం మిరపపండులా ఎర్రబడింది. "అమ్మా, పరాయివాళ్ళ ముందు ఏందది" అని గొణిగాడు. ఆవిడ ఆగే రకం కాదు.

"నేను కొత్తగా వచ్చిన రోజులు. బండి మీద కూర్చోడు, పీట మీద కూర్చోడు, అన్నం గూడా నిలబడే. నాకు అర్థమైపోయింది. అడక్కుండా ఇయ్యగూడదు గదా. కొత్త పెళ్ళాన్ని అడగాలంటే ఆయనకి సిగ్గు. ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, ఆఖరికి ఒకనాడు మిరప కల్లంలో, జనమంతా తాలుకాయలు ఏరతా ఉంటే, 'రాజ్యం, నాకు మొలలే, ఆకియ్యవే, చచ్చిపోతన్నా' అని ఒక్క కేక పెట్టాడు. ఏరేవాళ్ళు గంపలొదిలేసి పడీపడీ నవ్వారు. ఆ నవ్వినోళ్ళలో సగంమంది మర్నాడు మా వాకిట్లో ఉన్నారు, వెంకయ్య అడిగిన ఆకు మాగ్గూడా ఇయ్యమ్మా అంటా. అట్టా వెంకయ్యాకయింది."

త్యాగరాజు సాధువుని కొట్టేశాడు. వెంకటనారాయణకి తల తీసేసినట్టయింది. నాయన్ని వైద్యుణ్ణి చేద్దామని చూస్తే, ఆయన అచ్చులో రోగిగా తేలుతున్నాడు.

"అది రాయొద్దండి," అని బతిమాలాడు. "ఊళ్ళో పరువుగలవాళ్ళం."

"రాసుకో నాయనా," అంది రాజ్యం. "ఆయనకంటే ముందు ఈ ఊళ్ళో ఎంతమంది ఈ జబ్బుని దాచుకుని ఏడ్చారో. నోరు తెరిచింది ఆయనొక్కడే. నాకు వైద్యం తెలుసుగానీ అడిగేవాడు లేకపోతే ఆ ఆకుని ఏం చేసుకుంటా? పేరు ఆయనకే ఇచ్చారు. నాకూ అదే బాగుందనిపించింది."

వెంకటనారాయణకి కల్లం మధ్యలో కేక పెడుతున్న నాయన కళ్ళకు కట్టాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గుంజ వదిలి, వసారా దిగి, వాకిట్లోకి వెళ్ళి తల్లి ముందు నిలబడ్డాడు. గోడ అవతల పక్కింటి సిలార్ ఎడ్లకి కుడితి పెడుతున్నాడు.

"అమ్మా," అన్నాడు.

రాజ్యం తలెత్తలేదు. "ఏంది?"

"నాగ్గూడా..."

"వినపళ్ళా."

"నాకు మొలలమ్మా. కూర్చోలేకపోతన్నా. మందియ్యి."

గోడ అవతల బకెట్టు పడిన చప్పుడయింది.

రాజ్యం పక్కనున్న గిన్నె మీద మూత తీసింది. ఆకు అప్పటికే నూరి ఉంది. మజ్జిగ పోసి కలిపింది.

"మిరప నాట్లప్పట్నుంచీ ఆదివారం ఆదివారం నీ వంతు నూరి పెడతానే ఉన్నా," అంది. "నువ్వా అడగవు. మధ్యాన్నం దాకా చూసి గేదెకి పోస్తన్నా. ఇంక ఆ గేదెకి ఈ జన్మలో మొలలు రావు. తాగు."

వెంకటనారాయణ గిన్నె ఎత్తి గడగడా తాగేశాడు. త్యాగరాజు కలం పట్టుకుని ఇబ్బందిగా చూశాడు.

"ఇదీ... రాసుకోమంటారా అండి?"

వెంకటనారాయణ మూతి తుడుచుకున్నాడు.

"రాసుకోండి. ఆకు పేరు మాత్రం మార్చమాకండి. అది మా నాయనది."