ఆరుని అరతో భాగిస్తే

లెక్కల మేడమ్ "అర్థమైందా?" అని అడిగితే చాలు, ఆరో తరగతి మొత్తం "అయింది మేడమ్" అని రాగం తీసేది. పరీక్ష పెడితే ఆ అర్థమైన వాళ్ళందరికీ గుండుసున్నాలే. మూడు నెలలు ఓపిక పట్టి, చివరికి ఒళ్ళు మండి ఆవిడ కొత్త రూలు పెట్టింది. అర్థమైందన్నవాళ్ళు బోర్డు దగ్గరికొచ్చి మిగతావాళ్ళకి నేర్పాలి, వాళ్ళేమో వదలకుండా ప్రశ్నలడగాలి. ఇంకేముంది, క్లాసు కాస్తా సంతైపోయింది.

ఆ సంతలోకే ఇవాళ హెడ్మాస్టరు గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మేడమ్ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పీరియడ్‌తో తేలిపోతుంది. ఆయన దృష్టిలో మంచి క్లాసంటే చీమ చిటుక్కుమన్నా వినపడాలి. ఈ ఒక్క పూటకీ పిల్లల నోళ్ళు మూయిద్దామా అని కూడా అనుకుందావిడ. కానీ అప్పటికే పిచ్చుక లేచి నిలబడింది.

పిచ్చుకంటే జానెడు పిల్ల, బారెడు గొంతు. ఆరుని అరతో భాగిస్తే పన్నెండని పుస్తకంలో ఉందట. భాగిస్తే తగ్గాలి గానీ పెరగడమేమిటని నిలదీసింది.

మేడమ్ వెనక బెంచీ వైపు ఓసారి చూసింది. అయితే అయింది అనుకుని, ఆరు పాత పేపర్లూ సుద్దముక్కా పిచ్చుక చేతిలో పెట్టి, నువ్వే తేల్చమని పక్కకి తప్పుకుంది.

ఇక చూడాలి గోల. జవాబు మూడే రావాలని ఒకడు బల్లెక్కాడు. పిచ్చుక పేపర్లన్నీ సగానికి చింపేసి, కాసేపు బుర్ర గోక్కుని, ఉన్నట్టుండి గంతేసింది.

"రెండుతో భాగిస్తే మనిషికి రెండేసి చొప్పున ముగ్గురికి పంచినట్టురా. అరతో అంటే, మనిషికి అర పేపరు చొప్పున ఎంతమందికి వస్తాయని!"

పంచి చూస్తే పన్నెండు చేతుల్లో పన్నెండు అర పేపర్లు రెపరెపలాడాయి. పావుతో అయితేనో, మూడో వంతుతో అయితేనో అంటూ చిటికెలో బోర్డు ముందు క్యూ కట్టి, నేనంటే నేనని తోసుకున్నారు. మేడమ్‌కి పట్టరాని సంతోషం. కడుపు పట్టుకుని నవ్వుతోంది, ఉద్యోగం సంగతి గుర్తేలేదు.

బెల్లు మోగింది. తర్వాతి పీరియడ్ సైన్సు మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు చూసిందావిడ, వెనక బెంచీ ఖాళీ. కోపమొచ్చి మధ్యలోనే వెళ్ళిపోయారన్నమాట.

సైన్సు మాస్టారు లోపలికి అడుగు పెట్టబోయాడు. క్యూ చివర, పిల్లల వెనక నించి హెడ్మాస్టరు గారి గొంతు వినిపించింది.

"కాస్త ఆగండి మాస్టారూ. నాకు చిన్నప్పటి డౌటొకటుంది, నా వంతు ఇంకా రాలేదు."